కప్పస్తంభం దగ్గర

“నెమ్మదిగా కానివ్వండమ్మా, వెనుక ఎవరూ లేరు” అని అర్చకస్వామి అనగానే, మా అమ్మ, గుడిలో భక్తులు కౌగిలించుకుని మొక్కుకునే కప్పస్తంభాన్ని రెండు చేతులా చుట్టి, చెంప ఆనించి, కళ్ళు మూసుకుని అలాగే ఉండిపోయింది.

ఈ రోజు బుధవారం. చీకటితోనే బయలుదేరి మొదటి బస్సులో సింహాచలం కొండ ఎక్కాము. చందనపు పూత లేకుండా స్వామి ఏడాదికి ఒక్కరోజే ఇచ్చే నిజరూప దర్శనం కోసం చందనోత్సవం నాడు బారులు తీరి నిలబడడం వేరు, ఆ కష్టాన్ని భక్తితోనే భరిస్తాం. మామూలు రోజుల్లో మాత్రం, మోకాళ్ళ నొప్పులున్న అమ్మను శనివారపు రద్దీలో నిలబెట్టడం నాకు ఎన్నడూ సబబుగా తోచలేదు. టికెట్టు కొంటే వరుస తగ్గుతుంది గాని, గుడిలో నిలిచి చూసే తీరిక దొరకదు.

ఆ తీరిక ఈ రోజు దొరికింది. ఈ ఆలయం పడమటి ముఖంగా ఉంటుంది కాబట్టి, పొద్దుటి ఎండ ముందుగా గర్భాలయం వెనుక గోడ మీద పడుతుంది. ప్రదక్షిణ చేస్తూ అక్కడ ఆగితే, 13వ శతాబ్దంలో గంగరాజుల కాలపు శిల్పులు చెక్కిన లతల్లో ఒక్కొక్క ఆకు ఈనె కూడా నీడతో సహా కనిపించింది. ఇన్నేళ్ళుగా వస్తున్నా ఆ గోడను నేను నిజంగా చూసింది ఇదే మొదటిసారి. 1516లో శ్రీకృష్ణదేవరాయలు ఈ స్వామిని దర్శించుకుని ఇక్కడ శాసనం వేయించాడని చెబితే, అమ్మ గోడకేసి చూస్తూ చాలాసేపు మాట్లాడలేదు.

పులిహోర పొట్లం విప్పుకుని కూర్చునేసరికి కింది నుంచి బస్సులు ఒకదాని వెనుక ఒకటి వస్తున్నాయి. వచ్చే బుధవారం పెద్దమ్మను కూడా తీసుకువద్దామని అమ్మ అంది.