కొత్తిమీరకు 35 డాలర్ల జరిమానా

ఖాతాలో డబ్బుండగానే కార్డు గీసి కొత్తిమీర, కరివేపాకు, పెరుగు కొన్నందుకు మా బ్యాంకు నా దగ్గర 35 డాలర్ల ఓవర్‌డ్రాఫ్ట్ ఫీజు (ఖాతాలో ఉన్నదానికంటే ఎక్కువ వాడితే వేసేది) పట్టుకుంది. కారులో పోయించిన పెట్రోలుకు ఇంకో 35, ఒక కాఫీకి 35, ఇంటి అద్దెకు 35. మొత్తం 140. కోపం చల్లారాక రాస్తే బ్యాంకు మీద జాలిపడి ఏదైనా మంచి మాట రాసేస్తానేమోనని ఇప్పుడే రాస్తున్నాను.

నేను ఉండేది డల్లాస్ పక్కన ఇర్వింగ్‌లో. పాత అపార్ట్‌మెంటు వాళ్లు అడ్వాన్సు తిరిగి ఇస్తూ 900 డాలర్ల చెక్కు పంపారు. ఆగస్టు 30, శనివారం దాన్ని బ్రాంచిలో వేశాను. అప్పటికి ఖాతాలో 1,310 ఉంది. సాయంత్రం ఫోనులో చూస్తే 2,210 కనిపించింది. అద్దె 1,650, ఒకటో తారీఖున దానంతట అదే వెళ్లేలా పెట్టి ఉంది. ఇక దిగులేముంది?

శనివారం బ్యాంకు లెక్కలో పనిదినం కాదు. ఆదివారమూ కాదు. సోమవారం లేబర్ డే సెలవు. అంటే నా చెక్కు మంగళవారం వేసినట్టు లెక్క. ఆ మర్నాడు బ్యాంకు తప్పక వదలవలసింది మొదటి 275 డాలర్లే, మిగతాది గురువారానికి. ఈలోగా మంగళవారం అద్దె వచ్చి పడి ఖాతా మైనస్‌లోకి పోయింది. శని, ఆదివారాల్లో గీసిన కార్డు ఖర్చులకు డబ్బుండగానే ఆమోదం వచ్చింది గానీ, ఆ సొమ్ము దుకాణాలకు చేరేది ఒకటి రెండు పనిదినాల తర్వాత. అవి అద్దె వెనకే వరుసగా వచ్చాయి.

బ్రాంచికి వెళ్తే అక్కడి అధికారి గదిలోకి పిలవకుండా, వరుస పక్కనే నిలబెట్టి మాట్లాడాడు. ఫోను చూపించి, "2,210 అని మీరే చూపించారు కదా" అన్నాను. "అది ప్రస్తుత నిల్వ. మీరు చూడవలసింది వాడుకోదగ్గ నిల్వ" అన్నాడు. ఖాతా పేరు మీద నొక్కి, ఇంకో తెరలోకి వెళ్తే తప్ప అది కనబడదు. "సరే, కార్డు గీసినప్పుడు వాడుకోదగ్గ నిల్వ కూడా ఉంది కదా, మరి ఫీజెందుకు?" అని అడిగాను. దానికి జవాబు లేదు. ఒక కాగితం తీసి, నిలువు గీత గీసి, ఇటు ప్లస్, అటు మైనస్ అంటూ ఒక్కొక్క మాటా విడదీసి చెప్పడం మొదలుపెట్టాడు.

నేను ఆసుపత్రి బిల్లింగ్ విభాగంలో పనిచేస్తాను. బీమా కంపెనీలు ఎగ్గొట్టే సొమ్మును సెంటుతో సహా రాబట్టడమే నా ఉద్యోగం, అందులో నాకు మంచి పేరే ఉంది. ఆ మాట చెప్పేలోపే, "ఫోనులో దుబాసీని పిలిపించమంటారా?" అన్నాడు. అప్పటిదాకా నేను మాట్లాడుతున్నది ఇంగ్లీషే! వరుసలో నిలబడ్డ ఒక తెలుగు పెద్దావిడ, "ఏమ్మా, ఖాతాలో డబ్బుల్లేవంటున్నాడా?" అని గట్టిగా అడిగింది. "ఉన్నాయండీ, వాళ్లే ఆపారు" అన్నాను. ఆవిడ "అయ్యో" అని నా చేతి సంచీ వైపు చూసింది. తెలుగు రానివాళ్లకు కూడా ఆ "అయ్యో" అర్థమైపోయి ఉంటుంది.

తర్వాత, ఖాతా తెరిచిన రోజు నేను పెట్టిన సంతకం తీసి చూపించాడు. ఏటీఎం మీద, ఎప్పటికప్పుడు గీసే డెబిట్ కార్డు ఖర్చుల మీద ఈ ఫీజు వేయాలంటే ఖాతాదారు ముందే ఒప్పుకోవాలని 2010 నుంచి నియమం ఉంది. చెక్కులకు, అద్దెలాంటి నెలవారీ కోతలకు అది వర్తించదు. చదువుకోవడానికి వచ్చిన కొత్తలో, ఖాతా తెరిచిన అమ్మాయి "మీ కార్డు ఎక్కడా ఆగిపోదు, ఇది మీకు రక్షణ" అంటూ తెర నా వైపు తిప్పింది. పాలకుండకు పిల్లిని కాపలా పెట్టి రక్షణ అన్నట్టుంది.

చివరికి "మర్యాద కోసం" అంటూ ఒక ఫీజు వెనక్కి వేశాడు. ఇంటికొచ్చి ఫోను చేస్తే ఎదురు ప్రశ్న లేకుండా ఇంకొకటి తీసేశారు. అందుకే చెబుతున్నాను, ఇలాంటి పనికి బ్రాంచి మెట్లు ఎక్కకండి.

పెద్ద బ్యాంకులు ఈ ఫీజును 5 డాలర్లకో అసలు ఖర్చుకో తగ్గించాలి, లేదంటే దీన్ని అప్పుగానే ఒప్పుకుని వడ్డీ లెక్క చూపాలి అని 2024 డిసెంబరులో ఒక నియమం తెచ్చారు. 2025 అక్టోబరులో అమలు కావలసింది. మే నెలలోనే కాంగ్రెస్ తీర్మానం మీద ట్రంప్ సంతకం పెట్టడంతో అది పోయింది. ఎవరూ బలవంతపెట్టకుండానే క్యాపిటల్ వన్, సిటీబ్యాంకు 2022లో ఈ ఫీజును పూర్తిగా ఎత్తేశాయి. బ్యాంక్ ఆఫ్ అమెరికా అదే ఏడాది 35 నుంచి 10కి దించింది. అంటే చేయాలనుకుంటే చేయవచ్చు.

నేను మాత్రం క్రెడిట్ యూనియన్‌లో, అంటే సభ్యులే యజమానులుగా ఉండే సహకార బ్యాంకులాంటి దాంట్లో చేరాను. పాస్‌పోర్టు, డ్రైవింగ్ లైసెన్సు, సోషల్ సెక్యూరిటీ నంబరు, అద్దె ఒప్పందం, 5 డాలర్ల వాటా: గంటలో అయిపోయింది. మా నాన్నగారు పశ్చిమ గోదావరిలో సహకార పరపతి సంఘంలో గుమాస్తాగా చేశారు కాబట్టి వాటాధనం, మనిషికొక ఓటు నాకు చిన్నప్పటినుంచి తెలిసిన సంగతులే. "సంఘం మునిగితే?" అని అక్క భయపెట్టింది. బ్యాంకుకు ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఐసీ ఇచ్చే డిపాజిట్ల బీమా ఎంతో, అలాంటిదే అయిన ఎన్‌సీయూఏ బీమా ఉన్న క్రెడిట్ యూనియన్‌కూ అంతే, 2,50,000 డాలర్ల దాకా.

అలాగని క్రెడిట్ యూనియన్ అనగానే దండం పెట్టకండి. మా దాంట్లోనూ ఓవర్‌డ్రాఫ్ట్ ఫీజు 28 డాలర్లు. అన్నిటికంటే పెద్దదైన నేవీ ఫెడరల్ సరిగ్గా నాకు జరిగినట్టే, ఆమోదం పొందిన ఖర్చుల మీద ఫీజులు వసూలు చేసిందని 2024 నవంబరులో ప్రభుత్వ సంస్థ తేల్చి, 8 కోట్ల డాలర్లు సభ్యులకు తిరిగి ఇమ్మంది. ఆ ఆదేశాన్ని కూడా 2025లో రద్దు చేశారు. అందుకే ఈసారి ఓవర్‌డ్రాఫ్ట్ ఒప్పుకోలు ఫారంలో "వద్దు" దగ్గర టిక్కు పెట్టి, పొదుపు ఖాతాను దీనికి కలపమన్నాను. డబ్బు చాలకపోతే అందులోంచి ఫీజు లేకుండా వస్తుంది. వీళ్ల యాప్ నత్తకు తమ్ముడు. ఇండియాకు వైర్ పంపాలంటే బ్రాంచికి వెళ్లి కాగితం నింపాలి. నెలనెలా ఇంటికి డబ్బు పంపేవాళ్లకు ఈ ఫీజు లేని బ్యాంకే హాయి.

పాత ఖాతా ఇంకా మూయలేదు. కరెంటు, ఫోను బిల్లులు అందులోంచే పోతున్నాయి. అవన్నీ మార్చకుండా మూస్తే, ఏదో ఒక బిల్లు వచ్చి మూసిన ఖాతాను మళ్లీ తెరిపించవచ్చు. మిగిలిన 70 డాలర్ల కోసం వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థకు ఫిర్యాదు పెట్టాను. బిల్లులు మారగానే ఖాతాను ఉత్తరం రాసి మూయిస్తాను, ఆ అధికారి ముఖం మళ్లీ చూసే ఉద్దేశం లేదు.