పౌరుల గడిలో పడిన టిక్కు

నేను రెవెన్యూ శాఖలో పనిచేసి పదవీ విరమణ పొందినవాణ్ణి. చిత్తూరు జిల్లా ఇంకా ఉమ్మడిగా ఉన్న రోజుల్లో, ఓటర్ల జాబితా సవరణ వచ్చిన ప్రతిసారీ పేరు చేర్చే ఫారం-6లు, పేరు తొలగించే ఫారం-7లు కట్టల కొద్దీ ముందు వేసుకుని పరిశీలించడం నా ఉద్యోగంలో ఒక భాగం. అందువల్ల అమెరికాలో ఉన్న మా మేనకోడలి పౌరసత్వ దరఖాస్తును ఓటరు నమోదు కారణంగా తిరస్కరించారని మా చెల్లెలు ఏడుస్తూ చెప్పినప్పుడు ఇంటిల్లిపాదీ నా వైపే చూశారు. అక్కడి చట్టాలు నాకేం తెలుసు? అయినా గడి ఎవరు నింపారు, సంతకం ఎక్కడ పెట్టించారు, తేదీ ఏమిటి అన్న ప్రశ్నలు ఏ దేశపు దరఖాస్తుకైనా ఒకటే కాబట్టి, ఉన్న కాగితాలన్నీ ముందు నాకు పంపమన్నాను. ఆ తర్వాత ఆరు నెలల్లో నేను చదివినదీ, ఆమె పడినదీ ఇక్కడ రాస్తున్నాను. ఆమె అనుమతి తీసుకునే రాస్తున్నాను. పేరు, ఊరు మాత్రం రాయడం లేదు.

ఆమె తిరుపతిలో ఇంజనీరింగ్ చదివి 2004లో అక్కడికి వెళ్లింది. గ్రీన్ కార్డు 2018లో వచ్చింది. మరుసటి ఏడాది ఇల్లు మారినందువల్ల డ్రైవింగ్ లైసెన్సులో చిరునామా మార్పించుకోవడానికి ఆ రాష్ట్రపు లైసెన్సు కార్యాలయానికి వెళ్లింది. 1993లో అమెరికా కాంగ్రెస్ చేసిన జాతీయ ఓటరు నమోదు చట్టం ప్రకారం, లైసెన్సు కోసం వచ్చినవారికి అదే కౌంటరులో ఓటరుగా నమోదయ్యే వీలు కూడా కల్పించాలి. అందుకే దాన్ని జనం మోటార్ ఓటర్ చట్టం అంటారు. ఓటర్ల సంఖ్య పెంచాలన్న సదుద్దేశంతో చేసిన చట్టమే కానీ, ఆ కౌంటరు ముందు నిలబడే ప్రతి మనిషీ ఆ దేశ పౌరుడు కాడు. మా అమ్మాయి గ్రీన్ కార్డు చూపించింది. గుమాస్తా కంప్యూటరులో చూస్తూ వరసగా ప్రశ్నలు వేశాడు: బరువు మారిందా, కళ్లద్దాలు ఉన్నాయా, చనిపోయాక అవయవదానం చేస్తారా, ఓటరుగా నమోదవుతారా. తర్వాత దారానికి కట్టిన చిన్న ప్లాస్టిక్ పుల్లతో గాజు పలక మీద ఒకే ఒక సంతకం పెట్టించుకుని పంపించాడు. "అన్నిటికీ అవుననే చెప్పినట్టుండాను మామా, వెనకాల ఇంకా ఇరవై మంది నిలబడి ఉండారు," అని ఆమె నాతో అన్నది.

మూడు వారాల తర్వాత ఓటరు కార్డు ఇంటికి వచ్చింది. ఇక్కడ ఆమె చేసిన పని ఒకటి ఆమెను చాలా వరకు కాపాడిందని నా అభిప్రాయం. కార్డును సొరుగులో పడేయకుండా, ఆఫీసులో తెలిసినవారిని అడిగి, తొమ్మిదో రోజున కౌంటీ ఎన్నికల కార్యాలయానికి ఉత్తరం రాసింది. తాను పౌరురాలిని కాననీ, పేరు పొరపాటున చేరిందనీ, తొలగించమనీ అందులో కోరింది. వాళ్లు తొలగించి జవాబు కూడా పంపారు. ఓటు మాత్రం ఎన్నడూ వేయలేదు. అంతటితో ఆ విషయం ముగిసిందనే ఆమె అనుకుంది.

ముగియలేదు. 2024లో ఆమె పౌరసత్వానికి పెట్టిన ఎన్-400 దరఖాస్తులో రెండు ప్రశ్నలున్నాయి. ఎప్పుడైనా అమెరికా పౌరురాలినని చెప్పుకున్నారా అన్నది ఒకటి. ఎప్పుడైనా ఓటరుగా నమోదయ్యారా అన్నది రెండోది. మొదటిదానికి లేదని, రెండోదానికి అవునని రాసి, జరిగినదంతా వేరే కాగితం మీద వివరించింది. ఇంటర్వ్యూ అధికారి లైసెన్సు కార్యాలయం నుంచి తెప్పించిన నమోదు పత్రాన్ని బల్ల మీద పెట్టాడు. అందులో 'మీరు అమెరికా పౌరులా' అన్న ప్రశ్నకు ఎదురుగా అవును గడిలో టిక్కు ఉంది, అడుగున ఆమె సంతకం ఉంది. కొన్ని వారాలకు తిరస్కరణ ఉత్తరం వచ్చింది. దరఖాస్తుకు ముందటి ఐదేళ్ల లోపల పౌరురాలినని తప్పుడు ప్రకటన చేసినందువల్ల, పౌరసత్వానికి అవసరమైన సత్ప్రవర్తనను ఆమె నిరూపించుకోలేకపోయిందని దాని సారాంశం.

మా చెల్లెలికి ఆ 'సత్ప్రవర్తన' అన్న మాటే శూలంలా గుచ్చుకుంది. అలిపిరి మెట్లెక్కి వస్తానని మొక్కుకుంది. దేవుడి సంగతి ఆమె చూసుకుంది కనుక నేను గడువు సంగతి చూశాను. తిరస్కరణ అందిన 30 రోజుల లోపల ఎన్-336 అనే ఫారంతో పునర్విచారణ కోరాలి. ఉత్తరం తపాలాలో వస్తే మరో మూడు రోజులు కలుస్తాయి. ఫీజు కాగితం మీద పెడితే 830 డాలర్లు, ఆన్‌లైన్‌లో 780. 180 రోజుల లోపల విచారణకు తేదీ వేయాలి. మొదట తిరస్కరించిన అధికారి కాకుండా, అదే హోదా గల లేదా అంతకు పై హోదా గల మరొక అధికారి వినాలి. ఆయన కొత్త సాక్ష్యం తీసుకోవచ్చు, మొత్తం దరఖాస్తును మొదటి నుంచి చూడవచ్చు. అక్కడ కూడా కాదంటే 120 రోజుల లోపల ఫెడరల్ జిల్లా కోర్టుకు వెళ్లవచ్చు, ఆ కోర్టు కూడా పాత నిర్ణయానికి కట్టుబడకుండా అంతా కొత్తగా విచారిస్తుంది. మన దగ్గర ఆర్డీవో ఉత్తర్వు మీద జాయింట్ కలెక్టరు దగ్గరికి వెళ్లడం చూసిన నాకు, ఈ ఏర్పాటు మొత్తం మీద ఉదారంగానే అనిపించింది.

బంధువులు ఎవరి సలహా వాళ్లు ఇచ్చారు. అప్పీలు దండగ, ఐదేళ్లు గడిచాక మళ్లీ కొత్తగా పెట్టుకోమని ఒకరు. ఈసారి నమోదు సంగతే రాయవద్దని ఇంకొకరు. మొదటిది ఆలోచించదగ్గ సలహాయే. రెండోది ఇచ్చినవాడికి ఫోన్ పెట్టేయమని చెప్పాను. ఆమె పెట్టుకున్న లాయరు అసలు భయపెట్టింది వేరే విషయం గురించి. ఓటరుగా నమోదు కావడానికి పౌరులమని తెలిసి అబద్ధం చెప్పడం అక్కడ ఐదేళ్ల వరకు జైలు పడగల నేరం. అది తెలిసి చేస్తేనే నేరం కావచ్చు గానీ, దేశం నుంచి పంపించేయడానికి ఆ తెలియడం కూడా అక్కర్లేదని ఇమ్మిగ్రేషన్ అప్పీళ్ల బోర్డు 2019లో తీర్పు చెప్పింది. అంటే పౌరసత్వం కోసం వేసిన అప్పీలులో రాసిన వాక్యమే, రేపు గ్రీన్ కార్డు పోగొట్టే కేసులో సాక్ష్యంగా నిలబడవచ్చు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని పెద్దలన్నారు సరే, తొక్కిన తర్వాత కడిగే నీళ్లు కూడా చూసి పోసుకోవలసిన పరిస్థితి అది.

లాయరు మాకు రెండు తీర్పులు చదవమని పంపారు. రెండూ షికాగోలోని ఏడో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టువే, రెండింట్లోనూ ఇల్లినాయ్ రాష్ట్రపు లైసెన్సు కౌంటరే. 2012 నాటి కేసులో ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన ఒక మహిళ తన దేశపు పాస్‌పోర్టు చూపించానని, అయినా గుమాస్తాయే నమోదు సంగతి ఎత్తాడని చెప్పింది. అధికారం గల ఉద్యోగి మాట నమ్మి నడుచుకున్నదా లేదా అన్నది తేల్చమని కోర్టు కేసును వెనక్కి పంపింది. 2017 నాటి కేసులో పెరూ నుంచి వచ్చిన మహిళ గ్రీన్ కార్డు చూపించింది, నమోదు కావాలా అని అడిగింది కూడా; గుమాస్తా అది మీ ఇష్టం అన్నాడు. ఆమె పౌరురాలినన్న గడిలో టిక్కు పెట్టి, 2006లో ఓటు వేసింది. మీ ఇష్టం అనడం అనుమతి ఇచ్చినట్టు కాదని చెప్పి, ఆమెను దేశం నుంచి పంపడాన్ని కోర్టు సమర్థించింది. గుమాస్తా నోట వచ్చిన ఒక్క మాట మీద రెండు జీవితాలు రెండు దారులు పట్టాయి.

ఈ తీర్పులు చదివాక అఫిడవిట్ ముసాయిదా వచ్చింది. ఇక్కడ రాత్రి 11 గంటలు, అక్కడ మధ్యాహ్నం ఒకటిన్నర. ఐదో పేరాలో 'గ్రీన్ కార్డు ఉన్నవారు కూడా నమోదు కావచ్చని గుమాస్తా నాతో చెప్పాడు' అని ఉంది. అంతకు ముందు నాకు చెప్పిన కథలో ఆ మాట లేదు.

"ఇది నువ్వు చెప్పిందేనా?"

"అట్ల అన్నట్టే గుర్తు మామా."

"గుర్తా, లేక అట్ల అనుంటే బాగుండునని అనిపిస్తా ఉందా?"

చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. వంటింట్లో కుళాయి కారుతున్న చప్పుడు నాకు ఇక్కడికి వినిపించింది.

"గుర్తు లేదు మామా. ఆయప్ప ముఖం కూడా గుర్తు లేదు."

ఆ పేరా కొట్టివేయమని నేను చెప్పలేదు, ఆమే కొట్టివేయించింది. లాయరు కూడా ఆమె జ్ఞాపకం గురించి పొరబడ్డానని ఒప్పుకుని, 'ప్రశ్న ఏ మాటల్లో అడిగారో నాకు గుర్తు లేదు; పౌరసత్వం గురించి విడిగా అడిగినట్టు గుర్తు లేదు; తెర మీద ఉన్నది నాకు చూపించలేదు' అని మార్చి రాశారు. చూడటానికి బలహీనంగా ఉన్న ఆ వాక్యానికి తోడుగా తెచ్చిన కాగితాలే అప్పీలుకు అసలు బలం అయ్యాయి.

ఆ కాగితాల్లో మొదటిది లైసెన్సు కార్యాలయం నుంచి రాతపూర్వకంగా అడిగి తెప్పించుకున్న ఆ రోజు లావాదేవీ ప్రతి. అందులో చూపించిన గుర్తింపు పత్రం అన్న వరసలో గ్రీన్ కార్డు అనీ, దాని నంబరు సహా నమోదై ఉంది. పౌరురాలు కాదని రుజువు చేసే కార్డును, పౌరురాలినని చెప్పుకుంటున్న మనిషి అదే నిమిషంలో అదే గుమాస్తా చేతికి ఎందుకిస్తుంది? రెండో కాగితం కౌంటీ ఎన్నికల కార్యాలయం ఇచ్చిన ధ్రువపత్రం: నమోదు తేదీ, ఆమె ఉత్తరం అందిన తేదీ, తొలగించిన తేదీ, వేసిన ఓట్లు సున్నా. అధికారులెవరూ అడగకముందే, పౌరసత్వానికి దరఖాస్తు పెట్టడానికి కొన్నేళ్ల ముందే, ఆమె తానుగా తొలగించుకుందన్నది ఆ తేదీలే చెబుతాయి. ఇవిగాక, ఇలాంటి పొరపాట్లు ఊహాగానం కాదని చూపడానికి లాయరు బహిరంగంగా తెలిసిన సంగతులు జతచేశారు: పెన్సిల్వేనియాలో లైసెన్సు కేంద్రాల తెరల మీది లోపం వల్ల పౌరులు కానివారికీ నమోదు అవకాశం కనిపించేదని 2017లో అక్కడి అధికారులు ఒప్పుకున్నారు, కాలిఫోర్నియాలో 2018లో పౌరులు కానివారితో సహా సుమారు 1,500 మంది పొరపాటున జాబితాలోకి ఎక్కారని అక్కడి మోటారు వాహనాల శాఖే చెప్పింది.

ఒక గడిలో టిక్కు ఎవరు పెట్టారన్నది ఇంత పట్టింపుగా అడగడానికి నాకు సొంత కారణం కూడా ఉంది. మన ఫారం-6 అడుగున నేను భారత పౌరుడిని అన్న ప్రకటన అచ్చువేసి ఉంటుంది. అది అబద్ధమైతే 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 31వ సెక్షను కింద ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. నా సర్వీసులో వేల ఫారాలు చూశాను. పల్లెల్లో చదువురాని ముసలివాళ్లు వచ్చి నిలబడితే మేమే గబగబా నింపి, ఇంకు పూసిన వేలు పట్టుకుని ముద్ర వేయించిన రోజులున్నాయి. ఆ ప్రకటనను బిగ్గరగా చదివి వినిపించిన సందర్భం నాకు ఒక్కటీ గుర్తులేదు. మన దగ్గర ఆ వచ్చినవాళ్లంతా ఈ గడ్డ మీద పుట్టినవాళ్లే కాబట్టి ఏ ప్రమాదమూ జరగలేదు. అందుకని ఆ అమెరికా గుమాస్తా మీద నాకు కోపం రాలేదు గానీ, అతని చేతి వేగం మాత్రం నాకు బాగా తెలుసు. మా అమ్మాయి తప్పు లేదని కూడా నేను అనను. ఓటు అన్న మాట చెవిన పడినప్పుడు, నేను ఈ దేశస్థురాలినా అని ఒక్క క్షణం ఆగి ఆలోచించవలసింది.

విచారణ అక్టోబరులో జరిగింది. యాభై నిమిషాలు పట్టింది. కొత్త అధికారిణి అఫిడవిట్ గురించి పెద్దగా అడగలేదట. లావాదేవీ ప్రతిలోని ఆ ఒక్క వరస దగ్గర వేలు పెట్టి, ఆ రోజు ఎన్ని సంతకాలు చేశారని రెండుసార్లు, రెండు రకాలుగా అడిగింది. ఒకటే అని రెండుసార్లూ చెప్పింది. నిర్ణయం తపాలాలో పంపుతామన్నారు. ఈ రోజు వరకు రాలేదు. కాదంటే కోర్టుకు వెళ్లడానికి 120 రోజుల లెక్క గోడ క్యాలెండరు మీద రాసుకోవడానికి మా చెల్లెలు ఎర్ర పెన్ను సిద్ధంగా పెట్టుకుంది. అలిపిరి మెట్లు మాత్రం ముందే ఎక్కేసి వచ్చింది.

ఈ గొడవలోనే మరొకటి బయటపడింది. గత నెలలో ఏదో అనుమానం వచ్చి మా ఇంటి చిరునామా మీద ఓటర్ల జాబితా తీసి చూస్తే, నా పేరు, మా ఆవిడ పేరు, వాటి కింద మా మేనకోడలి పేరు! చదువుకునే రోజుల్లో ఆమె మా ఇంట్లోనే ఉండేది. 2004 ఎన్నికలకు ముందు ఫారం-6 నింపి చేర్పించింది నేనే. ఊరు విడిచినవాళ్ల పేర్లు తొలగించమని జనానికి చెప్పే ఉద్యోగం చేసిన నేను, నా ఇంట్లో పేరు ఇరవై ఏళ్లు అలాగే ఉంచేశాను. ఆ సాయంత్రమే ఫారం-7 ముందు వేసుకుని కూర్చున్నాను. తొలగింపు కారణాల వరసలో శాశ్వతంగా వెళ్లిపోయారు అన్న గడి ఒకటి, భారత పౌరులు కారు అన్న గడి ఇంకొకటి ఉన్నాయి. ఈ రోజుకు ఆమె మన పౌరురాలే. మొదటి గడిలో టిక్కు పెట్టి, ఫారం మొత్తం పైనుంచి కింది దాకా రెండుసార్లు చదివి, అప్పుడు సంతకం పెట్టాను.