అల్మాటీలో షియెన్ షింగ్‌హై వీధి

మా అక్క కొడుకు కజకిస్తాన్‌లోని అల్మాటీలో మెడిసిన్ మూడో సంవత్సరం చదువుతున్నాడు. దసరా సెలవుల్లో వాణ్ణొకసారి చూసి రమ్మని అక్క పోరింది. ఢిల్లీ నుంచి నాలుగు గంటల విమానం, 14 రోజుల్లోపయితే మనకు వీసా కూడా అక్కర్లేదు, సరేనని బయల్దేరాను. వాడితోపాటు ఇంకొకాయన కోసం కూడా వెళ్లాను. ఆ ఊళ్లో షియెన్ షింగ్‌హై అనే చైనా సంగీతకర్త పేరు మీద ఒక వీధి ఉంది. మా నాన్న ప్రజానాట్యమండలి దళంలో హార్మోనియం వాయించేవాడు. ఆయన దగ్గర ఈ షియెన్ బాణీ కట్టిన, చైనా నది పేరు మీదున్న 'హ్వాంగ్ హో బృందగానం' రికార్డు ఒకటి ఉండేది. భాష ముక్క అర్థం కాకపోయినా అది పెట్టినప్పుడల్లా ఇంట్లో ఎవరం మాట్లాడేవాళ్లం కాదు.

మొదటిరోజు వీధి దొరకలేదు. ఫోన్‌లో చైనా పేరు ఎన్ని రకాలుగా కొట్టినా రాలేదు. మర్నాడు మావాడే "మామయ్యా, రష్యన్‌లో వెతుకుదాం ఉండు" అని 'సియాన్ సిన్‌ఖాయ్' అని కొడితే వెంటనే వచ్చింది. టాక్సీ దిగి చూస్తే మామూలు నివాసాల వీధి. దక్షిణాన ఎటు చూసినా మంచుకొండలు, రోడ్డు పక్కన కొండనీళ్లు పారే చిన్న కాలవలు. ఇక్కడ వాటిని అరిక్ అంటారు.

ఆ వీధిలో ఉన్న ఆయన స్మారకం తామర రేకులు విచ్చుకున్నట్టు ఉంటుంది. కజక్, రష్యన్, చైనీస్ మూడు భాషల్లోనూ రాశారు. రాయి మీద ఎండుటాకులు పడి ఉంటే మావాడు చేత్తో తుడిచాడు. నేను ఆ చైనా అక్షరాల మీద వేలు పెట్టి చూశాను. షింగ్‌హై అంటే నక్షత్రాల సముద్రం. 1905లో మకావులో, పడవల మీదే బతికే కుటుంబంలో పుట్టాడు. పుట్టేసరికే తండ్రి లేడు. తల్లి పనిమనిషిగా చేసి పెంచింది.

అక్కడే మెట్టు మీద కూర్చుని మావాడికి ఆయన కథ చెప్పాను. పారిస్‌లో హోటళ్లలో పనిచేస్తూ, ఆకలికి కళ్లు తిరిగి పడిపోతూ సంగీతం నేర్చుకున్నాడు. సంగీత విద్యాలయంలో ఉన్నత తరగతికి ఎంపికైనప్పుడు, బహుమతిగా ఏం కావాలో కోరుకోమంటే భోజనం టికెట్లు ఇవ్వమన్నాడట. నేర్పిన గురువు ఫ్రెంచ్ సంగీతకర్త పాల్ డ్యూకా. 1935లో దేశానికి తిరిగొచ్చి, జపాన్ దాడి మొదలయ్యాక 1938లో చైనా కమ్యూనిస్టుల స్థావరమైన యెనాన్ చేరాడు. చైనాకి వైద్యసాయానికి వెళ్లిన మన డాక్టర్ కోట్నిస్ బృందం కూడా ఆ తర్వాత, 1939 ఫిబ్రవరిలో యెనాన్‌లో అడుగుపెట్టింది. ఆ మార్చిలోనే, గుర్రం మీంచి పడి చెయ్యి విరిగిన గువాంగ్ వెయ్‌రాన్ అనే కవి మంచం మీద ఉండి చెప్పిన కవితకి, షియెన్ ఒక గుహ ఇంట్లో ఆరు రోజుల్లో బాణీలు కట్టేశాడు. అదే మా నాన్న రికార్డులోని బృందగానం. రాసేటప్పుడు ఆయనకు తీపి ఉండాలి. కవి ఎక్కడో పంచదార సంపాదించి తెచ్చి బల్ల మీద పెడితే, గుప్పెడు నోట్లో పోసుకోవడం, నాలుగు వరసలు రాయడం. భార్య సోయా గింజలు వేయించి, పొడికొట్టి కాఫీలా కాచి ఇచ్చేదట.

ఏప్రిల్ 13న మొదటిసారి పాడారు. గాయకులు 40 మంది. వాద్యాలంటే రెండుమూడు వయొలిన్లు, చైనా ఫిడేళ్లు, వెదురు వేణువులు. మంద్రస్వరం పలికే వాద్యం లేకపోతే కిరోసిన్ డబ్బాకి తీగలు కట్టారు. ఇనామిల్ మగ్గుల్లో చెంచాలు వేసి గలగలలాడించారు. మా నాన్నవాళ్లు కూడా నూనె డబ్బా మీద డప్పు దరువు వేసి రిహార్సల్స్ చేసేవాళ్లని విన్నాను కాబట్టి, ఈ సంగతి తెలిసిన రోజున నాకు ఆయన మా ఇంటి మనిషే అనిపించాడు.

ఇంతటి పాట రాసినాయన అల్మాటీకి ఎలా వచ్చాడంటే, 1940 మేలో ఒక డాక్యుమెంటరీ సంగీతం పని మీద మాస్కో వెళ్లాడు. మరుసటి ఏడు సోవియట్ దేశం మీద జర్మనీ దాడి చేసింది. మంగోలియా మీదుగా ఇల్లు చేరాలని చూస్తే దారి లేదు. తిరిగి తిరిగి 1942 చివర్లో ఈ ఊళ్లో తేలాడు. డబ్బుల్లేవు, భాష రాదు, అసలు పేరు కూడా లేదు. తల్లి ఇంటిపేరు పెట్టుకుని హువాంగ్ షున్ అని చెప్పుకునేవాడు. చలిలో దిక్కులేక ఉన్న ఆయన్ని బఖిత్‌జాన్ బైకదమోవ్ అనే పాతికేళ్ల కజక్ సంగీతకర్త చూసి, వాళ్లక్క దనాబికె ఇంటికి తీసుకెళ్లాడు. యుద్ధకాలం, రొట్టె రేషన్ మీద దొరికే రోజులు. ఆ ఇల్లాలు తన పిల్లలకి ఉన్నదాంట్లోనే ఆయనకీ పెట్టింది. ఆయన ఎవరో, ఆయన పాట చైనాలో ఎన్ని వేలమంది నోళ్లలో ఉందో వాళ్లకేం తెలియదు. నన్నడిగితే పాట కన్నా నేను ముందు దండం పెట్టేది ఆ తల్లికే. బైకదమోవ్ పేరు మీద కూడా ఇక్కడ వీధి ఉంది, దగ్గర్లోనే.

"ఆయనకి పిల్లలున్నారా మామయ్యా?" అన్నాడు మావాడు.

ఒక కూతురు, నీనా. 1939 ఆగస్టులో పుట్టింది. ఆయన బయల్దేరేనాటికి తొమ్మిది నెలల పిల్ల. మళ్లీ చూడలేదు. 1945 అక్టోబర్ 30న మాస్కో ఆసుపత్రిలో పోయాడు, 40 ఏళ్లకే. యుద్ధం అయితే అప్పటికి అయిపోయింది. అస్థికలు చైనాకి చేరింది 1983లో.

మావాడు ఇంకేం అడగలేదు. ఆ రోజు మధ్యాహ్నమే వాళ్లమ్మకి ఫోన్ చేశాడు.

సాయంత్రం పన్‌ఫీలోవ్ పార్కులో ఉన్న జానపద వాద్యాల మ్యూజియానికి వెళ్లాం, 1908 నాటి చెక్క భవనం. గదినిండా దొంబ్రాలు. రెండే తీగలు, పొడవాటి మెడ. షియెన్ ఇక్కడి జానపద బాణీలు పట్టుకుని, రష్యా జారు మీద 1916లో కజక్‌లు చేసిన తిరుగుబాటు నాయకుడు అమన్‌గెల్దీ పేరున ఆర్కెస్ట్రాకి ఒక రచన చేశాడు. ఉత్తరాన కొస్తనాయ్‌లో సంగీత సంస్థ పెట్టడానికీ వెళ్లాడు. తన దేశం చేరలేనివాడు ఆశ్రయమిచ్చిన దేశపు వీరుడి మీద సంగీతం రాశాడంటే, ఆ దొంబ్రాల ముందు నుంచి నాకు కదలబుద్ధి కాలేదు.

రాత్రి మావాడి ఫ్లాట్‌లో వాడి రూమ్మేట్లు ముగ్గురు, ఖమ్మం, ఒంగోలు, నల్గొండ పిల్లలు, అన్నం వండారు. నేను తెచ్చిన గోంగూర పచ్చడి సీసా సగమైంది. తిన్నాక ఫోన్‌లో బృందగానం ఏడో భాగం పెట్టాను, నదిని కాపాడుకుందాం అనే భాగం. ఒక గుంపు ఎత్తుకున్న వరసనే కాస్త ఆగి రెండో గుంపు ఎత్తుకుంటుంది, తర్వాత మూడోది, నాలుగోది, ఒకళ్లని ఒకళ్లు తరుముతున్నట్టు. యెనాన్‌లో దీన్ని అంకెల్లో రాసుకున్నారు, ఒకటి నుంచి ఏడు దాకా, మన సరిగమల్లాగే. నలుగురినీ నాలుగు మూలల నిలబెట్టి, ఆ వరస స్వరాల్లో నేర్పి, ఒకళ్ల తర్వాత ఒకళ్లు అందుకోమన్నాను. రెండోవాడి దాకా బాగానే వచ్చింది. మూడోవాడు తొందరపడి ముందే ఎత్తుకుంటే అందరూ కలగాపులగమయ్యారు. "మళ్లీ మొదట్నుంచి అందాం మామయ్యా" అన్నాడు మావాడు.