సోమవారం ఉదయం: కాఫీ, ఒక పాత వస్తువు

వారంలో మిగిలిన ఆరు రోజులూ నేను కాఫీని పని చేసుకుంటూనే తాగుతాను. సోమవారం మాత్రం అలా తాగను. ఆ రోజు ఉదయం ఫోనును పక్క గదిలో ఉంచి, ఒక అరగంట కాఫీతోనూ, ఏదో ఒక పాత వస్తువుతోనూ, దాని వెనుక ఉన్న చరిత్రతోనూ గడపడం కొన్నేళ్లుగా నాకు అలవాటైంది. వస్తువు చేతికి దొరికితే మరీ మంచిది. దొరకకపోతే పుస్తకంలోని బొమ్మైనా సరిపోతుంది. పెద్ద యుద్ధాలూ పట్టాభిషేకాలూ ఆ అరగంటలోకి రావు. ఏదో ఒక చిన్న అవసరం తీర్చుకోవడానికి ఎవరో ఎప్పుడో కూర్చుని ఆలోచించి చేసిన వస్తువులే వస్తాయి. వెనుకటి మనుషులు నాకు శాసనాలలో కంటే అలాంటి వస్తువులలోనే దగ్గరగా కనిపిస్తారు.

నా దగ్గర ఉన్నవాటిలో ఎక్కువగా వాడకంలో ఉన్నది ఒక చెక్క కాఫీ మర. నలుపలకల పెట్టె, పైన గింజలు పోయడానికి ఇనుప గిన్నె, తిప్పడానికి వంపు తిరిగిన పిడి, అడుగున పొడి పడే చిన్న సొరుగు, అంతే దాని నిర్మాణం. పిడి చివర ఉన్న చెక్క గుండు ఒక వైపు మాత్రమే అరిగి నున్నబడింది. నాకు ముందు దీనిని తిప్పిన మనిషి అరచేయి ఎప్పుడూ అక్కడే ఆనేదని ఆ నునుపే చెబుతుంది. లోపల పళ్ళు చెక్కిన రెండు ఉక్కు భాగాలు ఉన్నాయి. బయటిది కదలదు, నడుమనున్న శంకువు పిడితో పాటు తిరుగుతుంది, ఆ రెండింటి మధ్య సందును ఒక నట్టుతో బిగించినా వదులు చేసినా పొడి సన్నగానో బరకగానో పడుతుంది. గింజలు మొదట పటపటమని విరుగుతాయి. తరువాత ఆ చప్పుడు మెత్తబడి, పిడి ఉన్నట్టుండి తేలికగా తిరుగుతుంది, పొడి అయిపోయిందని కంటికంటే ముందు చేతికి తెలుస్తుంది. సొరుగు లాగిన క్షణంలో పైకి వచ్చే వాసన తరువాత తాగే కాఫీలో కూడా అంత నిండుగా ఉండదని నా అభిప్రాయం.

నా మర మీద తయారీదారు పేరు లేదు. ఇటువంటి మరలకు పేరు తెచ్చిన కుటుంబం మాత్రం ఫ్రాన్సులోని పెజో కుటుంబం. ఇప్పుడు ఆ పేరు వినగానే అందరికీ కారు గుర్తుకు వస్తుంది కాని, వారు మొదట ఉక్కు పనివారు. రంపపు బ్లేడ్లూ స్ప్రింగులూ చేసేవారు. 1840లో వారి కాఫీ మర వచ్చింది, 1874లో మిరియాల మర వచ్చింది, వారి పేరుతో మొదటి మోటారు వాహనం 1889లో గాని రాలేదు. ఈనాటికీ ఆ కార్ల మీద కనిపించే సింహం 1847లో రంపపు బ్లేడ్ల కోసం గీయించిన గుర్తు. పళ్ళు చెక్కిన ఉక్కును ఎలా గట్టిపరచాలో తెలిసినవారికి రంపం నుండి కాఫీ మరకు రావడం పెద్ద దూరమేమీ కాదు. ఈ సంగతి చదివిన సోమవారం నేను నా మరను విప్పి, లోపలి పళ్ళను చాలాసేపు చూశాను. అవి నిజంగానే గుండ్రంగా చుట్టిన రంపంలా ఉన్నాయి.

సోమవారానికి కూడా తనదైన చరిత్ర ఉంది. సోముడంటే చంద్రుడు; లాటిన్ భాషలోనూ ఇది చంద్రుడి రోజే, ఇంగ్లీషు మండేలోనూ ఉన్నది చంద్రుడే. ఇన్ని భాషలలో వారాల వరుస ఒకటే కావడానికి కారణం ఒక చిన్న లెక్క. ఆకాశంలో నెమ్మదిగా కదిలే గ్రహం నుండి వేగంగా కదిలే దాని వరకు పూర్వులు శని, గురుడు, కుజుడు, సూర్యుడు, శుక్రుడు, బుధుడు, చంద్రుడు అని వరుస పెట్టి, రోజులోని 24 హోరలకూ ఈ ఏడుగురినీ వంతులవారీగా అధిపతులను చేశారు. మొదటి హోరకు ఎవరు అధిపతి అయితే ఆ రోజుకు వారి పేరు. శనివారం మొదటి హోర శనిది. లెక్కించుకుంటూ పోతే 22వ హోర మళ్ళీ శనిది, 23వది గురుడిది, 24వది కుజుడిది, ఆ తరువాత వచ్చేది సూర్యుడి హోర కాబట్టి మరుసటి రోజు ఆదివారం. అక్కడి నుండి మళ్ళీ అదే లెక్క వేస్తే చంద్రుడు వస్తాడు. హోర అనే మాటా, ఇంగ్లీషులో గంటను చెప్పే అవర్ అనే మాటా ఒకే గ్రీకు మాట నుండి వచ్చాయి. వేళ్ళ మీద ఈ లెక్క వేసి సరిచూసుకోవడానికి ఒక కప్పు కాఫీ కాలం చాలు.

వారం మొదటి రోజున పనికి వెళ్ళాలనిపించకపోవడం కూడా కొత్తది కాదు. కర్మాగారపు గంటలు మనిషి జీవితాన్ని కొలవడం మొదలుపెట్టక ముందు, ఐరోపాలో చేతిపనివారు చాలామంది సోమవారం పనికి ఎగనామం పెట్టేవారు; దానికి ఇంగ్లండులో సెయింట్ మండే అని, అంటే పుణ్యపురుషుడి పండుగ రోజుకు పెట్టినట్టుగా, పేరు పెట్టుకున్నారు. ఫ్రాన్సులో కూడా అదే అర్థం వచ్చే పేరు ఉండేది. తరువాత అమెరికా నేతగా పేరు పొందిన బెంజమిన్ ఫ్రాంక్లిన్ యువకుడిగా ఉన్నప్పుడు 1720లలో లండన్ అచ్చు కార్యాలయంలో పని చేశాడు. తాను ఏ సోమవారమూ అలా మానకపోవడం వల్ల యజమానికి తన మీద గురి కుదిరిందని ఆయన తన ఆత్మకథలో రాసుకున్నాడు. తోటి పనివారు బీరు తాగుతుంటే ఆయన మంచినీళ్ళు తాగేవాడు కాబట్టి వారు ఆయనకు నీళ్ళ అమెరికన్ అని పేరు పెట్టారు. కాఫీ తాగాడని రాసి ఉంటే నాకు ఇంకా సంతోషంగా ఉండేది.

అప్పటికి లండన్‌లో కాఫీ దొరకకపోలేదు. 1652లో పాస్క్వా రోజే అనే వ్యక్తి కార్న్‌హిల్ దగ్గరి సెయింట్ మైకేల్స్ సందులో ఆ నగరపు మొదటి కాఫీ దుకాణం పెట్టాడు. టర్కీ రేవు పట్టణం స్మిర్నాలో వ్యాపారం చేసి తిరిగి వచ్చిన డేనియల్ ఎడ్వర్డ్స్ అనే వర్తకుడి దగ్గర ఆయన పనివాడు. పాస్క్వా రోజే పేరుతో అచ్చయిన కరపత్రం ఒకటి నేటికీ మిగిలి ఉంది. కాఫీని తాగడానికి గంట ముందూ, తాగిన గంట వరకూ ఏమీ తినకూడదని, ఓర్చుకోగలిగినంత వేడిగా తాగాలని అందులో ఉంది. తలనొప్పికీ, కీళ్ళు వాచే గౌటుకూ, చిగుళ్ళు చెడే స్కర్వీకీ కూడా మంచిదని ఉంది. వైద్యం మాట ఎలా ఉన్నా, ఓర్చుకోగలిగినంత వేడి అన్న మాట దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. కాఫీ అంటే ఏమిటో తెలియని జనానికి దానిని మొదటిసారి పరిచయం చేస్తున్న మనిషి, పెదవికి తగిలే ఆ మొదటి వేడిని కూడా చెప్పడం మరిచిపోలేదు.

ఆ కాలపు కాఫీ దుకాణాల నుండి మిగిలిన వస్తువులలో నాకు అన్నిటికంటే ఇష్టమైనవి లోహపు బిళ్ళలు. 17వ శతాబ్దం నడుమ ఇంగ్లండులో చిల్లరకు తీవ్రమైన కొరత ఉండేది. వెండి నాణెం ఇచ్చినవాడికి తిరిగి ఇవ్వడానికి దుకాణదారు దగ్గర ఏమీ ఉండేది కాదు. ప్రభుత్వం పట్టించుకోకపోవడంతో 1648 నుండి 1672 వరకు దుకాణదారులే రాగితోనో ఇత్తడితోనో తమ బిళ్ళలు తామే కొట్టించుకున్నారు. రాజముద్ర ఉన్న రాగి చిల్లర 1672లో వచ్చాక వాటి అవసరం తీరిపోయింది. కాఫీ దుకాణాల బిళ్ళలలో కొన్నింటి మీద తలపాగా చుట్టిన తురుష్కుడి తల ఉంటుంది, మరికొన్నింటి మీద కూజా నుండి కాఫీ పోస్తున్న చేయి ఉంటుంది. ఆ చేతి బొమ్మను భూతద్దం కింద ఉంచి తీసిన ఫొటో ఒకటి నా పుస్తకంలో ఉంది. మణికట్టు దగ్గర చొక్కా మడత, కూజా పొడుగాటి ముక్కు, కింద చిన్న గిన్నె, అన్నీ చిటికెన వేలి గోరంత చోటులో ఇమిడిపోయాయి. ఈ బిళ్ళ చెల్లేది ఆ ఒక్క దుకాణంలోనూ, చుట్టుపక్కల నాలుగు వీధులలోనూ. అంటే దానిని జేబులో వేసుకున్నవాడు రేపు మళ్ళీ ఆ దుకాణానికి వస్తాననే నమ్మకాన్ని కూడా వేసుకున్నట్టే.

అటువంటి దుకాణాలలో రాజుకు వ్యతిరేకమైన మాటలు పుడుతున్నాయని రెండవ చార్లెస్ 1675 డిసెంబరు 29న వాటన్నింటినీ మూసివేయాలని ప్రకటన చేశాడు. అది జనవరి 10 నుండి అమలు కావాలి. ఎంత గగ్గోలు పుట్టిందంటే, జనవరి 8న, గడువుకు రెండు రోజుల ముందే, రాజు వెనక్కి తగ్గి దుకాణాలకు గడువు పొడిగించాడు. ఈ రెండవ ప్రకటనను చూసేటప్పుడు ఒక సంగతి తెలియకపోతే తికమక తప్పదు: అప్పటి ఇంగ్లండులో సంవత్సరం మారేది మార్చి 25న కాబట్టి, దాని మీద కూడా సంవత్సరం 1675 అనే ఉంటుంది. ఒక శతాబ్దం తరువాత ప్రష్యా రాజు ఫ్రెడరిక్ 1781లో గింజలు వేయించే హక్కును తన గుప్పిట్లోకి తీసుకుని, దొంగచాటుగా వేయించేవారిని వాసన పట్టి పట్టుకోవడానికి మాజీ సైనికులను వీధులలో తిప్పాడు. దాగని వాసన కదా అది.

కాఫీ చరిత్రలో అందరూ మొదట చెప్పే కథను నేను చెప్పలేదు. మేకలు ఏవో ఎర్రని పండ్లు తిని గంతులు వేయడం చూసి కాపరి కాఫీని కనిపెట్టాడనే కథ అది. ఆ కథ అచ్చులోకి వచ్చింది 1671లో, రోములో వెలువడిన ఒక లాటిన్ గ్రంథంలో. కాని యెమెన్ సూఫీలు రాత్రి ప్రార్థనలలో మెలకువ కోసం కాఫీ తాగడం 15వ శతాబ్దంలోనే ఉంది. రెండు వందల ఏళ్ల తరువాత వచ్చిన కథ ఎంత ముచ్చటగా ఉన్నా, నా సోమవారానికి అది పనికిరాదు. యెమెన్‌లోని మొఖా రేవు నుండి ఓడలకెక్కిన మూటలు నాకు ఆ మేకల కంటే ముఖ్యం.

పోయిన సోమవారం మాత్రం నాకు పండుగే అయింది. పాత వస్తువులు సేకరించే మిత్రుడు ఒకరు తన దగ్గర ఉన్న త్రాసు కాఫీ యంత్రాన్ని నా కోసం వెలిగించి చూపించారు. 19వ శతాబ్దపు ఐరోపాలో భోజనాల బల్ల మీద అతిథుల ఎదుట పెట్టే వస్తువు ఇది. ఒక పక్క మూత బిగించిన లోహపు కుండ, రెండవ పక్క గాజు పాత్ర, రెండింటినీ కలుపుతూ సన్నని గొట్టం. కుండ త్రాసు దండం కొనకు వేలాడుతూ ఉంటుంది, దాని కింద స్పిరిట్ దీపం. కుండలో నీళ్ళు, గాజు పాత్రలో కాఫీ పొడి. నీళ్ళు మరిగే కొద్దీ ఆవిరి ఒత్తిడికి అవి గొట్టంలోకి ఎక్కి పొడి మీద పడతాయి. నీళ్ళు పోయి కుండ తేలికైపోగానే త్రాసు ఆ పక్క పైకి లేస్తుంది. అప్పటివరకు కుండ బరువుకు తెరుచుకుని ఉన్న దీపపు మూత టక్కున పడి మంట ఆరిపోతుంది. కుండ చల్లబడుతుంది, లోపలి ఆవిరి నీరై శూన్యం ఏర్పడుతుంది, ఆ శూన్యం డికాక్షన్‌ను వడపోత గుండా మళ్ళీ కుండలోకి లాగేసుకుంటుంది. పిప్పి గాజులో మిగిలిపోతుంది. ఎవరూ చేయి పెట్టలేదు. దీపం ఆరిన తరువాత ఒక అర నిమిషం పాటు ఏమీ జరగదు, చెడిపోయిందేమోనని నేను కంగారుపడ్డాను, మిత్రుడు చేయి అడ్డుపెట్టి ఆగమన్నారు. ఆ తరువాత గాజులోని నల్లని నీటి మట్టం కదిలింది.

అంత హంగు లేకుండానే పిప్పి సమస్యను తీర్చిన మనిషి డ్రెస్డెన్‌లోని గృహిణి మెలిట్టా బెంట్జ్. 1908లో ఆమె ఇత్తడి గిన్నె అడుగున మేకుతో చిల్లులు పొడిచి, కొడుకు బడి నోటుపుస్తకంలోని అద్దుడు కాగితాన్ని అందులో పరిచి కాఫీ వడగట్టింది. సిరా పీల్చుకోవడానికి పుట్టిన కాగితం మడ్డిని ఆపింది. అదే ఏడాది పేటెంటు వచ్చింది, సంస్థ మొదలైంది.

ఇటీవలి వస్తువును కూడా ఈ వరుసలో చేర్చుకున్నాను. 1991లో కేంబ్రిడ్జి కంప్యూటర్ ప్రయోగశాలలో ట్రోజన్ రూమ్ అనే గది బయట ఒక కాఫీ యంత్రం ఉండేది. దూరపు గదులలో కూర్చున్నవారు మెట్లు దిగి వచ్చి చూస్తే కుండ ఖాళీగా ఉండేది. అందుకని వారు కుండకు ఎదురుగా కెమెరా బిగించి, 128 చుక్కలకు 128 చుక్కల నలుపు తెలుపు బొమ్మ తమ తెరల మీద కనిపించేలా చేసుకున్నారు. 1993లో ఆ బొమ్మ వెబ్‌కు ఎక్కింది. ప్రపంచంలోని మొదటి వెబ్‌క్యామ్‌గా లక్షలాది మంది దానిని చూశారు. 2001 ఆగస్టు 22న దానిని ఆపేశారు. ఆ కుండను వేలంలో జర్మనీ పత్రిక ష్పీగెల్ కొనుక్కుంది, ఇప్పుడది పాడర్‌బార్న్‌లోని కంప్యూటర్ల మ్యూజియంలో ఉంది. చివరి బొమ్మలో కుండ కనిపించదు; స్విచ్చి నొక్కబోతున్న వేళ్ళు మసకగా కనిపిస్తాయి.

వచ్చే సోమవారానికి మీసాల కప్పు తీసి పెట్టాను. అంచు లోపల చిన్న పింగాణీ వంతెన ఉన్న విక్టోరియా కాలపు కప్పు అది. మీసానికి రాసి దువ్విన మైనం కాఫీ వేడికి కరిగి కప్పులో పడకుండా ఆ వంతెన కాపాడేది. నాకు మీసం లేదు కాని, ఆ వంతెన కింది సందులో నుండి కాఫీ ఎలా వస్తుందో తాగి చూడాలని ఉంది.