మినుకు ఓల్టేజీది కాదు, మానిటర్‌దే

పోయిన సంక్రాంతికి కొన్నాను, 27 అంగుళాల కర్వ్‌డ్ మానిటర్, వీఏ ప్యానెల్ (ఒక రకం ఎల్‌సీడీ తెర), 165 హెర్ట్జ్, అంటే సెకనుకి 165 సార్లు బొమ్మ మారగలదు. గేమింగ్ ల్యాప్‌టాప్‌కి తగిలించి ఆడతాను. మొదటి వారంలోనే తేడా కనపడింది, గేమ్ లోడయ్యేటప్పుడు, మెనూలో ఉన్నప్పుడు, చీకటి సీన్లు వచ్చినప్పుడు స్క్రీనంతా సన్నగా మినుకు మినుకుమంటుంది. మాది పాలకొల్లు పక్కన పల్లెటూరు, చుట్టూ రొయ్యల చెరువులు, రాత్రయితే నీళ్లలో గాలి కలిపే మోటార్లు, ఏరేటర్లన్నీ తిరుగుతుంటాయి, అందుకని ఇంట్లో ఏది మినుకుమన్నా అందరి నోటా ఒకటే మాట, ఓల్టేజీ. నాన్నయితే చూడగానే "ఏరేటర్ల దెబ్బరా, స్టెబిలైజర్ లేకుండా అంత ఖరీదైంది ఎందుకు పెట్టావ్" అన్నారు. తెచ్చి పెట్టాం. ఏం మారలేదు. లైన్‌మ్యాన్‌ని పిలిస్తే మీటర్ పెట్టి చూసి "230 వస్తుంది బాబుగారూ, లైన్లో ఏం లేదండి ఆయ్" అని వెళ్లిపోయాడు.

అసలు సంగతి ఒకరోజు రాత్రి కరెంటు పోయినప్పుడు తెలిసింది. మానిటర్ ఇన్వర్టర్ మీద, ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద, అంటే లైనుతో సంబంధమే లేదు, అయినా మినుకు తగ్గకపోగా ఇంకా ఎక్కువైంది. పైన ఎల్ఈడీ బల్బు మాత్రం నిలకడగా వెలుగుతుంది. కార్నర్‌లో సెకనుకి ఎన్ని ఫ్రేములు (బొమ్మలు) వస్తున్నాయో చూపించే కౌంటర్ చూస్తే, బ్యాటరీ మీద కదా, 90 రావాల్సింది 45, 50 మధ్య కొట్టుకుంటుంది. అప్పుడు మానిటర్ మెనూలోకెళ్లి అడాప్టివ్ సింక్ (గేమ్ ఫ్రేములకి తగ్గట్టు రిఫ్రెష్ వేగం మార్చే సెట్టింగ్) ఆపాను, మినుకు ఠక్కున ఆగిపోయింది.

విషయం ఏంటంటే 165 హెర్ట్జ్ దగ్గర స్క్రీన్ ప్రతి 6 మిల్లీసెకన్లకి ఒకసారి రిఫ్రెష్ అవుతుంది. అడాప్టివ్ సింక్ ఆన్ చేస్తే మాత్రం గ్రాఫిక్స్ కార్డు ఫ్రేమ్ ఇచ్చేదాకా ఆగుతుంది, సెకనుకి 48 ఫ్రేములొస్తే దాదాపు 21 మిల్లీసెకన్లు. అంతసేపు ఆగితే పిక్సెల్‌లో ఛార్జ్ కాస్త జారి వెలుతురులో తేడా వస్తుంది, వీఏ ప్యానెల్‌లో ముదురు బూడిద రంగుల దగ్గర అది బాగా తెలుస్తుంది. పైగా నా మానిటర్‌లో అడాప్టివ్ సింక్ రేంజ్ 48 హెర్ట్జ్ నుంచి మొదలు, దానికి కిందకి పోతే ఒక్కో ఫ్రేమ్‌ని రెండుసార్లు చూపిస్తుంది, అంటే 47 వస్తే రిఫ్రెష్ ఒక్కసారిగా 94కి ఎగురుతుంది, మళ్లీ 49కి దిగుతుంది, మళ్లీ ఎగురుతుంది, ఆ ఎగరడం దిగడమే నాకు కనపడిన మినుకు. లోడింగ్ స్క్రీన్ దగ్గర ఫ్రేములు ఎలా పడితే అలా పడతాయి కాబట్టి అక్కడ మరీ ఎక్కువ.

ఇప్పుడు ప్రతి గేమ్‌కీ ఫ్రేమ్ క్యాప్, అంటే సెకనుకి ఇన్ని ఫ్రేములు దాటొద్దని హద్దు, పెడుతున్నాను, నిలకడగా ఎంతొస్తే అంతకి, నా ల్యాప్‌టాప్‌కి 90. 150 వచ్చి 60కి పడే దానికంటే కదలకుండా 90 ఉండటం కంటికి చాలా హాయి, నన్నడిగితే మానిటర్ కొన్నవాళ్లు మొదట చేయాల్సిన పని ఇదే. అన్నట్టు విండోస్ చాలాసార్లు రిఫ్రెష్‌ని 60 దగ్గరే ఉంచేస్తుంది, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలోకెళ్లి 165 మీరే పెట్టుకోవాలి.

నల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద అక్షరాలు స్క్రోల్ చేస్తే వెనకాల మసిలాగా తోక వస్తుంది, అది వీఏ నైజం. ఓవర్‌డ్రైవ్ (పిక్సెల్ రంగు తొందరగా మారేలా చేసే సెట్టింగ్) బాగా పెంచితే మసి బదులు తెల్ల అంచులొస్తాయి, మధ్యలో పెట్టి వదిలేశాను.

ఇంకో బాధ మా ప్రాంతం వాళ్లకే తెలుస్తుంది. సార్వా వరి ఈనే రోజుల్లో దీపపు పురుగులు ఇంట్లో ఉన్న వెలుతురంతటికీ పడతాయి, గదిలో పెద్ద వెలుతురు నా స్క్రీనే. ఒకరోజు గసగసాల గింజంత పురుగు మ్యాప్ మీద పాకుతుంది, వేలితో తుడిస్తే పోలేదు, చూస్తే ప్యానెల్ లోపల ఉంది! నొక్కబోయి ఆగాను, నొక్కితే అక్కడే చచ్చి జన్మంతా నల్ల చుక్కలా ఉండిపోతుంది. మానిటర్ ఆపేసి, గదిలో లైటు తీసేసి, అంచు దగ్గర ఫోన్ టార్చ్ వెలిగించి పడుకున్నాను. పొద్దున్నే తెల్ల స్క్రీన్ పెట్టి మూలమూలా వెతికితే ఎక్కడా లేదు. అప్పట్నుంచి ఆ నెల్లాళ్లూ సాయంత్రం ఆరయ్యేసరికి కిటికీలు మూసేసి వసారాలో బల్బు వేస్తున్నాను.

స్టెబిలైజర్ ఫ్రిజ్‌కి మార్చాం, వేసవిలో దానికి నిజంగానే కావాలి.