బేస్తవారం సాయంత్రం లేచే గీత

కువైట్ ఎండల గురించి నల్లగొండలో అడగని వారుండరు. 2016 జూలై 21న అక్కడి మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైందని, ప్రపంచ వాతావరణ సంస్థ కూడా ఆ అంకెను ధ్రువీకరించిందని చెబితే, మే నెలలో 45 డిగ్రీలు చూసిన మనవాళ్లు సైతం నోరెళ్లబెడతారు. అయితే నేను ఆ ఎండలో పనిచేసేవాణ్ణి కాను. ఆఫీసు భవనాల్లో అంతస్తుకొకటి చొప్పున ఉండే ఇరుకు గదుల్లో నెట్‌వర్క్ స్విచ్‌లు, అంటే కంప్యూటర్లు, కెమెరాల వంటివాటిని తీగలతో ఒకదానికొకటి కలిపే పెట్టెలు, ఎంత వేడెక్కుతున్నాయో కనిపెట్టి ఉండడం నా ఉద్యోగంలో ఒక భాగం.

మా దగ్గర ఎక్కువగా ఉన్నవి సిస్కో కంపెనీ వారి క్యాటలిస్ట్ 9300 రకం స్విచ్‌లు. అందులో ఉష్ణోగ్రత ఆదేశం ఇస్తే ముఖ్యంగా రెండు అంకెలు వస్తాయి: ముందువైపు నుంచి లోపలికి పోయే గాలి వేడి, అంటే ఇన్‌లెట్, లోపల అన్నిటికంటే ఎక్కువ కాగే చోటి వేడి, అంటే హాట్‌స్పాట్. ఇన్‌లెట్ 46 డిగ్రీలకు చేరితే పసుపు హెచ్చరిక, 56కు చేరితే ఎరుపు హెచ్చరిక వస్తాయి. ఆ పసుపు రంగు కోసం ఎదురుచూస్తూ కూర్చోవడం నా దృష్టిలో నిఘా అనిపించుకోదు. ఎప్పుడూ 24 దగ్గర ఉండే గది 33కు చేరిందంటే, స్విచ్ పచ్చరంగే చూపిస్తున్నా, అక్కడ ఏదో చెడిందని అర్థం. రెండు అంకెలూ కలిసి పెరిగితే తప్పు గదిది. ఇన్‌లెట్ కదలకుండా హాట్‌స్పాట్ ఒక్కటే పెరిగితే ఫ్యానునో, దుమ్మునో, స్విచ్ మీద పెరిగిన భారాన్నో అనుమానించాలి.

ఈ రీడింగులను ఎస్‌ఎన్‌ఎంపీ ద్వారా, అంటే నెట్‌వర్క్ పరికరాల స్థితిని దూరం నుంచే అడిగి తెలుసుకునే పద్ధతిలో, ఐదు నిమిషాలకొకసారి తెప్పించి గ్రాఫు గీయిస్తాము. ఒక భవనంలో ఆ గీత ప్రతి బేస్తవారం సాయంత్రం లేచి, ఆదివారం పొద్దున్నే దిగేది. పరికరంలో లోపమైతే వారాలు చూసుకుని రాదు కదా! ఏసీ పని చూసే అచ్చంపేట అబ్బాయిని అడిగితే గుట్టు విప్పాడు: "అన్నా, బేస్తారం రాత్రి ఏడు కాంగనే టైమర్ బందైతది. మీ అర్ర సుత గా లైన్‌లనే ఉన్నది." అక్కడ శుక్ర, శనివారాలు సెలవు, మనుషులు లేరని చల్లదనం ఆపుతారు, స్విచ్‌లకు మాత్రం సెలవు లేదు. ఆ గదికి విడిగా ఏసీ పెట్టించడానికి ఉత్తరాలకన్నా ఆ గ్రాఫే ఎక్కువ పనికొచ్చింది.

సెలవు మీద ఇంటికొచ్చినప్పుడు మిర్యాలగూడలో రైస్ మిల్లు నడిపే మా బావమరిది తన గోడు చెప్పుకున్నాడు. మిల్లు కెమెరాలు రాత్రిపూట ఒక్కొక్కటిగా ఆగిపోతున్నాయట. "కూలర్ వెట్టినా సల్లవడ్తలేదు బావా" అన్నాడు. ఆ కెమెరాలను కలిపి, వాటికి కరెంటు కూడా అందించే స్విచ్‌ను తౌడు దుమ్ము ఎగిరే చోట, గోడకు బిగించిన మూత పెట్టెలో ఉంచారు. స్విచ్‌కు గాలి ఆడే జాలీని వేలితో రుద్దితే తౌడు, కూలర్ తేమకు ముద్దకట్టి, అట్టలాగా ఊడివచ్చింది. పగటికన్నా రాత్రి చల్లగా ఉంటుంది కాబట్టి వేడి కారణం కాదని ఆయన వాదన. కానీ చీకటి పడగానే కెమెరాల్లో చీకట్లో చూడడానికి ఉండే, కంటికి కనిపించని కాంతినిచ్చే ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలిగి కరెంటు ఎక్కువ లాగుతాయి. ఆ కరెంటును మార్చి పంపడంలో పోయే నష్టమంతా స్విచ్ లోపలే వేడిగా మిగులుతుంది. రీడింగులు రాత్రంతా తీసి చూపిస్తే గీత సరిగ్గా దీపాలు వెలిగే వేళకే లేచింది.

కూలర్ తీయించి, జాలీ శుభ్రం చేయించి, స్విచ్‌ను మిల్లు ఆఫీసు గదిలోకి మార్పించి, సగం కెమెరాలను మరో స్విచ్‌కు కలిపాము. నేను కువైట్ తిరిగి వచ్చాక కూడా ఆయన అప్పుడప్పుడు ఆ రీడింగులను ఫోటో తీసి పంపుతుంటాడు, ఎక్కువగా కోతలై మిల్లు రాత్రింబవళ్లు తిరిగే రోజుల్లో.