నాన్న వాచ్ చార్జర్

ఈ రోజు మధ్యాహ్నమంతా ఒక్క చార్జర్ కోసం తిరగడంతోనే సరిపోయింది. నిన్న తెనాలి నుంచి వస్తూ నాన్న తన స్మార్ట్‌వాచ్ చార్జర్‌ని రైల్లో ప్లగ్గుకే వదిలేసి దిగారు. స్టెంట్ వేశాక, రెండేళ్ల కిందట నేనే కొనిచ్చిన వాచ్ అది. రోజూ ఎంత నడిచారో, పల్స్ ఎంతుందో అందులో చూసుకోనిదే ఆయనకు తోచదు.

అబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లో దొరకనిది ఉండదనుకుని వెళ్లాను. షాపు కుర్రాడు డ్రాయర్ లాగి పదీ పన్నెండు మాగ్నెట్ కేబుళ్లు బల్ల మీద పోశాడు. ఒకటి టప్పున అతుక్కుంది. ఎంతసేపు చూసినా స్క్రీన్ వెలగలేదు. “చూడ్డానికి అన్నీ ఒకటే అక్కా, పిన్నుల మధ్య దూరం వేరు” అన్నాడు. ఒక దానికి 4 మిల్లీమీటర్లు, ఇంకో దానికి 3 కూడా ఉండదట. ఆ వెంట్రుకవాసి తేడాకి మంచి వాచ్ చచ్చినట్టు పడి ఉంది. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే ఆ మోడల్ చార్జర్లు ఇక రావన్నారు, కొత్త వాచ్ మీద డిస్కౌంట్ ఇస్తామన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. చెడిపోనిదాన్ని ఎందుకు పారేయాలి?

మెట్రోలో తిరిగొస్తుంటే మా ఇంట్లో నోకియా ఫోన్లున్న రోజులు గుర్తొచ్చాయి. “సన్నపిన్ను ఉందా?” అని ఏ చుట్టాలింట్లో అడిగినా చార్జర్ దొరికేది. అదీ ఒక కంపెనీ పిన్నే, కాకపోతే ఊరంతా ఆ ఫోన్లే. ఇప్పుడు ఫోన్లకి టైప్-సి వచ్చి ఆ బాధ చాలావరకు తీరింది. యూరప్‌లోనైతే 2024 డిసెంబరు 28 నుంచి ఫోన్లు, ట్యాబ్లెట్లు, కెమెరాలు, ఇయర్‌బడ్స్ అన్నింటికీ అదే ఉండాలని చట్టం. ఆ జాబితాలో కూడా స్మార్ట్‌వాచ్ లేదు. మన ప్రభుత్వం 2022 నవంబరులో కంపెనీలతో కూర్చున్నప్పుడు, ఒంటికి పెట్టుకునే వాటికి ఒకే చార్జింగ్ పోర్టు కుదురుతుందేమో చూడ్డానికి విడిగా ఒక ఉపసంఘం వేసింది. వాచ్ చిన్నది, టైప్-సి రంధ్రం పట్టదంటే ఒప్పుకుంటాను. పిన్నుల మధ్య దూరమైనా అందరూ ఒకటే పెట్టుకోవచ్చు కదా! దానికి చోటుతో పనేముంది?

ఇంటికొచ్చాక అసలు చిక్కు తెలిసింది. సరే, వేరే కంపెనీది కొందామనుకున్నాం. వచ్చే వారం డాక్టర్‌గారికి ఆర్నెల్ల పల్స్, నడక చూపించాలి. యాప్‌లో అన్నీ కనిపిస్తున్నాయి గానీ బయటికి తీసే దారే లేదు. ఫైలుగా దించుకోవడానికి ఎక్కడా బటన్ లేదు, కొత్త కంపెనీ యాప్ దీన్ని చదవదు. చార్జర్ పోయిందంటే డబ్బు పోయిందనుకుంటాను. ఆ అంకెలు మాత్రం నాన్నవి. ఆయన గుండె కొట్టుకున్న లెక్క, మోకాళ్ల నొప్పితో తెల్లారే లేచి నడిచిన నడక. వాటికి వేరొకరు తాళం వేయడం నాకు మింగుడుపడటం లేదు.

“నువ్వు చదవమ్మా, నేను రాసుకుంటా” అన్నారు నాన్న, పాత లాంగ్ నోట్‌బుక్ తెచ్చుకుని. తేదీ, అడుగులు, పల్స్ అని స్కేలుతో మూడు గళ్లు గీశారు. భోజనాలయ్యాక కూర్చున్నాం. రాత్రి పదకొండింటికి రెండు నెలలు పూర్తయ్యాయి. మిగతావి రేపు.